50 లక్షలు దాటిన ఏడాది: సర్‌ఛార్జి లెక్క వేసుకోవడం ఎలా

మా బావ ఉద్యోగి, పన్నుల విషయంలో జాగ్రత్త మనిషే. మార్చి వచ్చేసరికి కాగితాలన్నీ ఒక ఫైల్లో సర్దిపెట్టుకునే రకం. అలాంటివాడు ఒక జూలైలో రిటర్ను వేయడానికి కూర్చుని నాకు ఫోన్ చేశాడు: "ఏంటి బామ్మర్దీ ఇది, ప్లాటు మీద పన్ను మార్చిలోనే కట్టేశాను కదా, ఇంకా లక్ష పైన కట్టాలని చూపిస్తోంది, సైట్ ఏమైనా తప్పు లెక్క వేస్తోందా?"

సైట్ తప్పేం లేదు. ఆ ఏడాది జీతానికి ప్లాటు లాభం కలిసి ఆదాయం 50 లక్షలు దాటింది, సర్‌ఛార్జి పడింది. జీతంతోనే ఏటా 50 లక్షలు దాటేవాళ్లకు ఇది కొత్త కాదు, వాళ్ల ఆఫీసే నెలనెలా కోసేస్తుంది. దెబ్బ తినేది ఒక్క ఏడాది మాత్రమే ఆ గీత దాటేవాళ్లు: ప్లాటో ఫ్లాటో అమ్మినవాళ్లు, కంపెనీ షేర్లు ఒకేసారి చేతికొచ్చినవాళ్లు, పెద్ద బోనస్ పడ్డవాళ్లు. ఈ వ్యాసం వాళ్ల కోసమే. లెక్కలన్నీ 2025-26 ఆర్థిక సంవత్సరపు ఆదాయానికి, అంటే ఇంకా 1961 నాటి ఆదాయపు పన్ను చట్టం కిందకి వచ్చేదానికి. 2026 ఏప్రిల్ 1 నుంచి వచ్చే ఆదాయానికి వర్తించేది కొత్త చట్టం, అందులో సెక్షన్ నంబర్లు వేరు, అది గుర్తుపెట్టుకుని చదవండి.

ముందు ఒక అపోహ వదిలించుకోవాలి

చాలామంది సర్‌ఛార్జిని ఇంకో స్లాబు అనుకుంటారు. 50 లక్షల పైన ఉన్న ముక్క మీదే పడుతుందిలే అని ధీమాగా ఉంటారు. కాదు. స్లాబు రేటు ఆదాయంలో ఆ ముక్కకే వర్తిస్తుంది, సర్‌ఛార్జి మాత్రం పన్ను మీద పన్ను. గీత దాటితే మొదటి రూపాయి నుంచి లెక్కకట్టిన మొత్తం పన్ను మీద పడుతుంది. దాని పైన మళ్లీ 4 శాతం హెల్త్ అండ్ ఎడ్యుకేషన్ సెస్. ఆ సెస్ పన్నూ సర్‌ఛార్జీ కలిపిన మొత్తం మీద.

బావ అంకెల్ని కాస్త గుండ్రం చేసి ఇప్పటి రేట్లకు మార్చి చెప్తాను. స్టాండర్డ్ డిడక్షన్ పోగా జీతం 38 లక్షలు. కొత్త విధానంలో 24 లక్షల వరకు ఆదాయానికి పన్ను 3 లక్షలు, ఆ పైన 30 శాతం, కాబట్టి జీతం మీద పన్ను 7,20,000. ఎప్పుడో కొన్న ప్లాటు అమ్మితే వచ్చిన దీర్ఘకాలిక లాభం 30 లక్షలు, దాని మీద 12.5 శాతం చొప్పున 3,75,000. మనవాడు ఈ 3,75,000కి సెస్ కలిపి 3,90,000 అడ్వాన్స్ ట్యాక్స్ కట్టి చేతులు దులుపుకున్నాడు. కానీ మొత్తం ఆదాయం 68 లక్షలు. పన్ను 10,95,000 మీద 10 శాతం, అంటే 1,09,500 సర్‌ఛార్జి, దాని మీద సెస్ 4,380. కట్టాల్సినదాంట్లో తక్కువ పడింది 1,13,880.

ఆ 1,09,500లో 72,000 ప్లాటు మీద పడింది కాదు, జీతం మీది పన్నుకు పడింది. ప్లాటు అమ్మిన పాపానికి జీతం కూడా ఎక్కువ పన్ను కట్టింది. బావకి అన్నిటికంటే మంట పుట్టించింది ఇదే.

మొదటి పని: మీ "మొత్తం ఆదాయం" తేల్చుకోండి

గీత దాటారా లేదా అన్నది జీతం చూసి కాదు, అన్ని పద్దులూ కలిపి, తగ్గింపులన్నీ పోయాక మిగిలే మొత్తం ఆదాయం చూసి నిర్ణయిస్తారు. జీతం, అద్దె, వ్యాపారం, ఫిక్స్‌డ్ డిపాజిట్ల వడ్డీ, డివిడెండ్లు, షేర్ల లాభాలు, స్థలాల లాభాలు అన్నీ అందులోకి వస్తాయి. క్యాపిటల్ గెయిన్స్‌కి, అంటే షేర్లు, స్థలాలు అమ్మితే వచ్చే లాభాలకి, వేరే రేటు ఉంది కాబట్టి అవి వేరే డబ్బాలో ఉంటాయని అనుకోకండి, రేటు వేరేగానీ డబ్బా ఒకటే.

ఐటీ ఉద్యోగులు ఎక్కువగా మర్చిపోయేది ఆర్‌ఎస్‌యూలు, అంటే కంపెనీ జీతంతో పాటు ఇచ్చే షేర్లు. షేర్లు వెస్ట్ అయిన రోజు, అంటే మీ సొంతమైన రోజు, వాటి మార్కెట్ విలువ జీతంలో భాగం అయిపోతుంది, మీరు అమ్మినా అమ్మకపోయినా. జీతం 42 లక్షలే కదా అనుకునేవాళ్లకు ఫారం-16లో 55 కనిపించేది ఇందువల్లే.

లెక్కలోకి రానివీ ఉన్నాయి. పీపీఎఫ్ వడ్డీ లాంటి పూర్తి మినహాయింపులు రావు. గ్రామీణ వ్యవసాయ భూమి అమ్మితే వచ్చిన లాభమూ రాదు, ఎందుకంటే చట్టం దృష్టిలో అది అసలు క్యాపిటల్ అసెట్టే కాదు. అయితే "గ్రామీణ" అంటే పాస్‌బుక్‌లో ఊరి పేరు చూసి కాదు. మున్సిపాలిటీ హద్దు నుంచి నేరుగా గాలిలో కొలిచిన దూరం చూస్తారు: జనాభా 10 వేలు దాటి లక్ష లోపు ఉంటే 2 కిలోమీటర్లు, లక్ష దాటి 10 లక్షల లోపు 6, ఆ పైన 8. పొలం ఆ దూరంలోపు ఉంటే అదీ మామూలు స్థలం లెక్కే. పట్టణాలు పెరిగే కొద్దీ ఈ హద్దూ జరుగుతుంది కాబట్టి, అమ్మే ముందు తహశీల్దార్ ఆఫీసు నుంచి దూరం, జనాభా చూపించే ధృవపత్రం తీసుకుంటే తర్వాత టెన్షన్ ఉండదు.

ఇంకో చిన్న మెలిక. 2024 జూలై 23కి ముందు కొన్న స్థలం, ఇల్లు అమ్మిన నివాసితులకు పన్ను లెక్కలో రెండు దారులున్నాయి, ఇండెక్సేషన్ (ధరల పెరుగుదలకు తగ్గట్టు కొన్న ధరను పెంచి చూడటం) లేకుండా 12.5 శాతం, ఇండెక్సేషన్‌తో 20 శాతం, ఏది తక్కువైతే అది. కానీ రెండో దారిలో పన్ను తగ్గినా, మొత్తం ఆదాయంలోకి చేరేది ఇండెక్సేషన్ లేని లాభమే. గీత దాటడం దాటకపోవడం ఆ పెద్ద అంకెతోనే చూసుకోండి.

రెండో పని: మీరు ఏ మెట్టు మీద ఉన్నారో చూడండి

వ్యక్తులకు మెట్లు ఇవి. 50 లక్షల వరకు సర్‌ఛార్జి లేదు. 50 లక్షలు దాటి కోటి వరకు 10 శాతం. కోటి దాటి రెండు కోట్ల వరకు 15. రెండు కోట్లు దాటితే 25. ఐదు కోట్లు దాటినవాళ్లకు పాత విధానంలో 37 శాతం, కొత్త విధానంలో 25 దగ్గరే ఆగిపోతుంది. సెస్‌తో కలిపి చూస్తే 30 శాతం స్లాబు ఈ మెట్ల మీద 34.32, 35.88, 39 శాతంగా మారుతుంది, పాత విధానంలో అయితే పై మెట్టు 42.744.

దీని చరిత్ర కాస్త తమాషాగా ఉంటుంది. 2013 బడ్జెట్‌లో చిదంబరం కోటి దాటినవాళ్ల మీద 10 శాతం వేసినప్పుడు ఇది ఒక్క ఏడాదికే అన్నారు. 2015లో సంపద పన్ను ఎత్తేసి ఆ లోటు కింద 12 చేశారు, 2016లో 15. 2017లో కోటి నుంచి 50 లక్షలకు దిగి అక్కడ 10 పెట్టారు. 2019లో 25, 37 మెట్లు వచ్చాయి, 2023లో కొత్త విధానానికి 37 తీసేశారు. ఒక్క ఏడాది పన్ను ఇప్పటికీ నడుస్తోంది. రాష్ట్రాలకు దీని మీద ఎప్పుడూ ఒక గొణుగుడు ఉంటుంది, ఎందుకంటే ఆదాయపు పన్నులో వాటా వస్తుందిగానీ సర్‌ఛార్జి, సెస్‌లలో రాదు, అది పూర్తిగా కేంద్రానిదే.

మూడో పని: మార్జినల్ రిలీఫ్, ఇక్కడ నెమ్మదిగా చదవండి

గీత ఒక్క రూపాయి దాటితే మొత్తం పన్ను మీద 10 శాతం పడితే ఎలా ఉంటుందో ఊహించండి. కొత్త విధానంలో 50 లక్షల జీతాదాయానికి పన్ను 10,80,000. ఒక్క రూపాయి ఎక్కువ సంపాదించినందుకు లక్షా ఎనిమిది వేలు అదనం! అది అన్యాయం కాబట్టి చట్టంలోనే ఒక తగ్గింపు పెట్టారు. గీత దాటి ఎంత ఎక్కువ సంపాదించారో, అంతకు మించి పన్నూ సర్‌ఛార్జీ కలిపి పెరగకూడదు. ఇదే మార్జినల్ రిలీఫ్. 12 లక్షల వరకు ఆదాయానికి పన్ను లేకుండా చేసే 87ఏ రిబేటుకి కూడా ఇదే పేరుతో ఒక రిలీఫ్ ఉంది, రెంటినీ కలిపేసుకోకండి.

51 లక్షల మీద వేసి చూద్దాం. మామూలు పన్ను 11,10,000. దాని మీద 10 శాతం 1,11,000, మొత్తం 12,21,000. ఇప్పుడు రెండో లెక్క: 50 లక్షల మీది పన్ను 10,80,000, ఎక్కువ సంపాదించినది 1,00,000, కలిపితే 11,80,000. రెండో అంకె చిన్నది కాబట్టి అదే ఖాయం. తేడా 41,000 రిలీఫ్, సర్‌ఛార్జి 70,000 మాత్రమే.

ఇక్కడిదాకా అందరూ చెప్తారు. దీని తర్వాతి వాక్యం తక్కువమంది చెప్తారు: సెస్ రిలీఫ్ తర్వాత వేస్తారు. 11,80,000 మీద 4 శాతం కలిపితే 12,27,200. అదే 50 లక్షల దగ్గర ఆగినవాడు కట్టేది 11,23,200. తేడా 1,04,000. అంటే లక్ష రూపాయలు ఎక్కువ సంపాదించి లక్షా నాలుగు వేలు కట్టారు, చేతికొచ్చేది నాలుగు వేలు తగ్గింది. రిలీఫ్ అన్న పేరు చూసి ఊరట అనుకుంటే ఇదీ ఊరట.

ఈ గుంత ఎంతవరకు ఉంటుందంటే, కొత్త విధానంలో జీతం, వడ్డీ లాంటి మామూలు ఆదాయానికి 50 లక్షల నుంచి సుమారు 51,61,000 వరకు. పాత విధానంలో సుమారు 51,95,000 వరకు. ఆ మధ్యలో మీరు సంపాదించే ప్రతి రూపాయీ, పైన నాలుగు పైసలూ ప్రభుత్వానికే. ఆ తర్వాతే మళ్లీ మామూలు రేటు. కోటి దగ్గర ఇలాంటిదే ఇంకో గుంత, సుమారు 1,01,97,000 దాకా. రెండు కోట్ల దగ్గర గుంత బాగా వెడల్పు, 15 నుంచి 25కి ఎగురుతుంది కాబట్టి సుమారు 2,08,93,000 దాకా సాగుతుంది. ప్రత్యేక రేటు ఉన్న లాభాలు కలిస్తే ఈ హద్దులు మారతాయి, బావ లాగా గీత దాటి చాలా దూరం వెళ్లినవాళ్లకు అసలు రిలీఫే రాదు.

నాలుగో పని: షేర్లు, స్థలాలు ఉంటే 15 శాతం పరిమితి చూసుకోండి

ఇది రెండు కోట్లు దాటినవాళ్లకే, మిగతావాళ్లు దాటేయొచ్చు. 111ఏ, 112, 112ఏ సెక్షన్ల కింద ప్రత్యేక రేటు పడే షేర్లు, స్థలాల లాభాల మీద, డివిడెండ్ల మీద సర్‌ఛార్జి 15 శాతం మించకూడదు. ఆ ఆదాయాలు తీసేస్తే మీ మిగతా ఆదాయం రెండు కోట్ల లోపే ఉంటే మొత్తం పన్నుకి 15 శాతమే. క్రిప్టో లాభాలకు మాత్రం ఈ పరిమితి లేదు.

ఐదో పని: గీత కిందకి దిగడానికి నిజంగా పనిచేసే దారులు

దీనికి సమయం ఆర్థిక సంవత్సరం ముగిసేలోపే. ఏప్రిల్ వచ్చాక చాలా తలుపులు మూసుకుపోతాయి.

గుంతలో ఉన్న ఉద్యోగులకు నా దృష్టిలో అన్నిటికంటే మంచిది మీ పేరు మీద కంపెనీ కట్టే ఎన్‌పీఎస్ (జాతీయ పింఛను పథకం). 80సీసీడీ(2) కింద బేసిక్‌లో 14 శాతం వరకు కొత్త విధానంలో కూడా తగ్గింపు ఇస్తారు. మీ ఆదాయం 51,20,000 అనుకోండి, పన్ను రిలీఫ్ పోయి సెస్‌తో 12,48,000. స్పెషల్ అలవెన్స్ నుంచి లక్షన్నర ఎన్‌పీఎస్‌కి మళ్లిస్తే ఆదాయం 49,70,000, పన్ను 11,13,840. మిగిలింది 1,34,160. అంటే లక్షన్నర మీ పేరు మీద దాచుకున్నందుకు చేతికొచ్చే జీతంలో తగ్గింది 15,840. కాకపోతే కంపెనీ ఈ సౌకర్యం ఇవ్వాలి, చాలాచోట్ల ఏడాది మొదట్లోనే ఎంచుకోమంటారు, డబ్బు చాలావరకు ఏళ్ల తరబడి కదలదు. పీఎఫ్, ఎన్‌పీఎస్, సూపరాన్యుయేషన్ కలిపి కంపెనీ కట్టేది ఏడాదికి 7.5 లక్షలు దాటితే ఆ పైది మళ్లీ ఆదాయమే.

స్థలం అమ్మినవాళ్లకు 54ఈసీ బాండ్లు, లాభంలో వీటిలో పెట్టినంత మేరకు పన్ను ఉండదు. ఆర్‌ఈసీ, పీఎఫ్‌సీ, ఐఆర్‌ఎఫ్‌సీ లాంటి సంస్థలవి, అమ్మిన ఆరు నెలల్లోపు కొనాలి, 50 లక్షల వరకు, ఐదేళ్లు తీయకూడదు. వడ్డీ తక్కువ, దాని మీదా పన్ను ఉంది, అందుకే చాలామంది "ఆ వడ్డీకి ఎవడు పెడతాడు" అని కొట్టిపడేస్తారు. బావ కూడా అదే అన్నాడు. ఆయన 20 లక్షలు పెట్టి ఉంటే లాభం 10 లక్షలకు, ఆదాయం 48కి దిగేది, సర్‌ఛార్జి సున్నా. పన్ను 12,52,680 నుంచి 8,78,800కి వచ్చేది. 3,73,880 మిగులు, అందులో 1,13,880 సర్‌ఛార్జీ, దాని సెస్సే. మొత్తం లాభాన్ని బాండ్లలో పెట్టక్కర్లేదు, గీత కిందకి దిగేంత అయినా పెట్టొచ్చు అన్నది చాలామందికి తట్టదు. ఇల్లు కొనే ఉద్దేశం ఉంటే 54, 54ఎఫ్ సెక్షన్ల మినహాయింపులు కూడా ఉన్నాయి, వాటికీ కొత్త విధానం అడ్డు కాదు.

తేదీ మార్చుకోవడం. రెండు ప్లాట్లు ఒకే కొనుగోలుదారుకి అమ్ముతుంటే ఒకటి మార్చిలో, ఒకటి ఏప్రిల్‌లో రిజిస్ట్రేషన్ పెట్టుకోవడం పూర్తిగా చట్టబద్ధం, లాభం రెండేళ్లకు పంచుకుంటుంది. కానీ స్వాధీనం ముందే ఇచ్చేసి రిజిస్ట్రేషన్ ఒక్కటే వాయిదా వేస్తే కుదరకపోవచ్చు, స్వాధీనం ఇచ్చిన తేదీనే అమ్మకంగా పట్టుకునే వీలుంది. ఈసాప్స్ (కంపెనీ షేర్లను ముందే ఖాయం చేసిన ధరకి కొనుక్కునే హక్కు) ఉన్నవాళ్లు ఎక్సర్‌సైజ్ చేసే, అంటే ఆ హక్కు వాడుకుని షేర్లు తీసుకునే తేదీని ఎంచుకోవచ్చు, ఆర్‌ఎస్‌యూ వెస్టింగ్ తేదీ మాత్రం మన చేతుల్లో ఉండదు.

నష్టాల్లో ఉన్న షేర్లుంటే మార్చి లోపల అమ్మి లాభాలకు సర్దుకోవచ్చు. స్వల్పకాలిక నష్టం రెండు రకాల లాభాలకూ సరిపోతుంది, దీర్ఘకాలిక నష్టం దీర్ఘకాలిక లాభానికే.

ఇక అందరూ అడిగేది: భార్య పేరు మీద పెడితే? ఆస్తి మొదట్నుంచీ ఇద్దరూ డబ్బు పెట్టి కొన్నదైతే లాభం వాటాల ప్రకారం విడిపోతుంది, గీత కూడా ఎవరిది వాళ్లకే. అమ్మే ముందు గిఫ్ట్ రాసి ఇస్తే మాత్రం క్లబ్బింగ్ నిబంధనతో ఆ లాభం మళ్లీ మీ నెత్తికే వస్తుంది. ఆ ప్రయాసలో స్టాంపు డ్యూటీ ఖర్చు మిగులుతుందంతే.

ఆరో పని: అడ్వాన్స్ ట్యాక్స్ సరిగ్గా కట్టండి

మీ ఆఫీసుకు ప్లాటు సంగతి తెలియదు, మీరు చెప్తే తప్ప. చెప్తే జీతంలోనే కోస్తారు, చెప్పకపోతే అడ్వాన్స్ ట్యాక్స్ మీరే కట్టాలి: జూన్ 15కి 15 శాతం, సెప్టెంబర్ 15కి 45, డిసెంబర్ 15కి 75, మార్చి 15కి మొత్తం. క్యాపిటల్ గెయిన్ ముందే ఊహించలేం కాబట్టి, అది వచ్చిన తర్వాత మిగిలిన వాయిదాల్లో కట్టేస్తే పాత వాయిదాలకు 234సీ వడ్డీ (వాయిదా తక్కువ కట్టినందుకు వేసేది) వేయరు, మార్చి 15 తర్వాత వస్తే మార్చి 31 లోపు కట్టొచ్చు. కట్టాల్సినదాంట్లో 90 శాతం కట్టకపోతే 234బీ కింద ఏప్రిల్ నుంచి నెలకు 1 శాతం. బావ 5,03,880 కట్టాల్సిన చోట 3,90,000 కట్టాడు, 77 శాతమే. జూలైలో కట్టినా నాలుగు నెలల వడ్డీ 4,552, పైగా 234సీ వేరే.

అమెరికాలో ఉండి ఇక్కడి ఫ్లాటు అమ్మే పిల్లల విషయం వేరు. ప్రవాస అమ్మకందారు దగ్గర కొనేవాడు, ఇక్కడి నివాసితుల దగ్గర కొన్నప్పటిలా 1 శాతం కాదు, క్యాపిటల్ గెయిన్ రేటుకి సర్‌ఛార్జి, సెస్ కలిపి టీడీఎస్ కోయాలి, చాలాసార్లు అదీ లాభం మీద కాకుండా మొత్తం ధర మీద కోసేస్తారు. రిజిస్ట్రేషన్‌కి ముందే తక్కువ టీడీఎస్ ధృవపత్రానికి అప్లై చేసుకోకపోతే డబ్బు రీఫండ్ వచ్చేదాకా ఇరుక్కుపోతుంది.

చివరగా రిటర్ను

50 లక్షలు దాటితే ఐటీఆర్-1 పనికిరాదు, వ్యాపారం లేనివాళ్లకు ఐటీఆర్-2. కోటి దాటితే ఆస్తులు, అప్పులు చూపించే షెడ్యూల్ ఏఎల్ కూడా నింపాలి. ఇది ముందు 50 లక్షలకే ఉండేది, 2025-26 అసెస్‌మెంట్ సంవత్సరం నుంచి కోటికి పెంచారు. పన్ను శాఖ సైట్‌లో మీ ఆదాయాల వివరాలుండే ఏఐఎస్ తీసి చూసుకోండి, మీరు మర్చిపోయిన డివిడెండ్, వడ్డీ అక్కడ ఉంటాయి. 49,90,000 అని సంబరపడుతున్నవాళ్లను గీత దాటించేది ఎప్పుడూ ఆ మర్చిపోయిన పదిహేను వేల వడ్డీయే.

ఫారం నింపాక పన్ను లెక్క పేజీలో సర్‌ఛార్జి వరుస దగ్గర రిలీఫ్‌కి ముందు ఎంత, తర్వాత ఎంత అని విడిగా ఉంటాయి. చేత్తో వేసుకున్న లెక్కతో పోల్చండి. తేడా కట్టాల్సి వస్తే ఈ-పే ట్యాక్స్‌లో సెల్ఫ్ అసెస్‌మెంట్, అంటే కోడ్ 300 ఎంచుకోండి. బావ కంగారులో అడ్వాన్స్ ట్యాక్స్ 100 నొక్కబోయాడు, చివరి క్షణంలో ఆపాను. కట్టాక చలాన్ నంబరు రిటర్నులో ఎక్కించి, ఇ-వెరిఫై చేసి, అదే ఫోన్లో అడిగాడు, ఆ బాండ్లు ఇప్పుడు కొనొచ్చా అని. ఆరు నెలలు దాటి అప్పటికి మూడు వారాలైంది.